మన గృహముల విక్రయము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

శ్రీ విశ్వకర్మణే నమః



కులసభలయందు విద్యాభివృద్ధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, వృత్తుల పునరుద్ధరణమును గూర్చియు ఉపన్యాసములు జరుగుట పరిపాటి. ఇండ్లమ్ముకొనుటను గూర్చి మాటలాడుడని కార్యవర్గమువారు మమ్ము కోరినపుడు, ఇది దలాలులు మాటలాడవలసిన విషయము గదాయని కొందరు మిత్రులు నవ్విరి. నవ్వదగిన విషయము కాదు. ఈ యేబది సంవత్సరములలో మనవారు చెమటోడ్చి కూడబెట్టినదంతయు ఒక్కచోటనే చేరియున్నది. అది బ్యాంకులలో లేదు. బంగారముపని చేయు కులమైనను బంగారముగ కూడ లేదు. రామచంద్రాపురము, బీరంగూడ, పటాన్‌చెరు, సంగారెడ్డిలలోని నూరు, నూటయేబది, రెండువందల గజముల ఇండ్లలో నున్నది. ఆ ఇల్లు చేతులు మారు దినము మనకు తరమున కొక్కసారి వచ్చును. ఎదుటనుండు దలాలికి మాత్రము వారమున కొక్కసారి వచ్చును. అభ్యాసము ఎవరిదో, లాభము వారిదే యగుచున్నది.

మనవారీ ప్రాంతమునకు వచ్చిన వృత్తాంతము పెద్దలెరుగుదురు. 1964లో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ ఏర్పడినది. రామచంద్రాపురమునందు కర్మాగారము లేచినది. 1972లో పటాన్‌చెరువున ఇక్రిశాట్ పరిశోధనాక్షేత్రము వెలసినది. ఆ వెనుక పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారములలో పారిశ్రామికవాడలును, ఎద్దుమైలారమున ఆయుధకర్మాగారమును వచ్చినవి. జోగిపేట, సదాశివపేట, నారాయణఖేడు వైపు పల్లెలనుండి కొలిమియు బాడిసయు విడిచి మనవారు వచ్చిరి. ఇనుమును చూచినంతనే దాని గుణము పట్టగలవారగుటచే ఫిట్టర్లుగను, టర్నర్లుగను, అచ్చులు చేయువారుగను కుదురుకొనిరి. ఆ జీతములతో మొదట స్థలము కొనిరి. పిదప రేకులు వేసిరి. ఆ పిదప స్లాబు పోసిరి. పిల్లల పెండ్లిండ్లనాటికి పై అంతస్తు లేపిరి. ద్వారబంధములు మాత్రము తమ చేతులతోనే చేసికొనిరి. ఆ తరమువారిపుడు పదవీవిరమణ చేసియున్నారు, కొందరు స్వర్గస్థులైరి. పిల్లలు గచ్చిబౌలిలో నొకరు, బెంగుళూరులో నొకరు, అమెరికాలో నొకరు. ఇంట మిగిలినది ముదుసలి తల్లి. పండుగకు వచ్చిన కొడుకు "అమ్మివేయుదము" అనును. ఆ మాట వీధిచివర చాయ్ హోటలువద్దనున్న దలాలికి ఆ సాయంకాలమే చేరును. తల్లికి చేరుట ఆఖరున.

ఇక ధర సంగతి. మనవారిలో పెక్కుమంది "హైదరాబాదులో గజమెంత పలుకుచున్నది?" అని యడుగుదురు. ఇది "ఊరిలో బియ్యమెంత?" అనునట్టి ప్రశ్న కాదు. హైదరాబాదు ఒక్క నగరము కాదు. పది ఊళ్ళు ఒక పేరు పెట్టుకొనియున్నవి. మన పటాన్‌చెరు 11వ శతాబ్దమున కళ్యాణి చాళుక్యుల నాడే పొట్టలకెరె యను పేర ప్రసిద్ధమైన పట్టణము. నగరము దానివద్దకు నడచి వచ్చినది. 1975లో నగరాభివృద్ధిసంస్థ, 2007లో పటాన్‌చెరు, రామచంద్రాపురము పురపాలికలను కలుపుకొని మహానగరపాలకసంస్థ, 2016లో సంగారెడ్డి జిల్లా, వీనినడుమ 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి, ఇట్లు ఒక్కొక్కటి వచ్చినపుడు ఒక్కొక్క వాడ పెరిగినది, ప్రక్కవాడ పెరుగలేదు. అమ్మువాడు తన వాడయందు ఎవరు కొనవచ్చుచున్నారో, దేనికొరకు వచ్చుచున్నారో మొదట తెలిసికొనవలయును.

రామచంద్రాపురమున ఎం.ఐ.జి., ఎల్.ఐ.జి. కాలనీలును, అశోకనగరును చూడుడు. లింగంపల్లి స్టేషను దగ్గర. బడులు, ఆసుపత్రులు, చెట్లనీడగల వీధులు. ఇచట పాతయింటిని కొనువాడు ఇంటిని కొనుట లేదు. నేలను కొనుచున్నాడు, ఇంటిని పడగొట్టును. మన పెద్దలు తాము చెక్కిన టేకు ద్వారబంధమును, నగిషీ తలుపులను చూపి ధర చెప్పుదురు. కొనువాడు వానిని చూడనే చూడడు. ఇది మనసునకు నొప్పి కలిగించును గాని, కోపగించి ప్రయోజనము లేదు. ఇట్టిచోట ఇంటికి రంగులు వేయించి, గచ్చు మార్పించి లక్షలు వ్యయపరచుట వృథా. తలుపులు, బంధములు మాకే చెందవలెనని ఒప్పందపత్రమునందు ముందుగనే వ్రాయించుకొనుడు; కొనువారు సాధారణముగ అభ్యంతరము చెప్పరు. ఇల్లు పోయినను పనితనము మన యింట నిలుచును.

పటాన్‌చెరు, ఇస్నాపురము, ముత్తంగి వైపు సంగతి వేరు. అచట ఇంటివెనుక వరుసగా గదులు కట్టి, బీహారు, ఒడిశానుండి వచ్చిన కార్మికులకు అద్దెకిచ్చియున్నారు. కొనవచ్చువాడు అద్దెలను లెక్కించును. ఒక ఉదాహరణము చెప్పెదము. నెలకు 30,000 రూపాయలు అద్దె వచ్చునిల్లు కలదనుకొనుడు. సంవత్సరమునకు 3,60,000. నూటికి నాలుగు రాబడి కోరువాడు దానికి 90 లక్షలిచ్చును; మూడుతో తృప్తిపడువాడు కోటి యిరువది లక్షలిచ్చును. అద్దెలు చెల్లునట్లు చూపు రశీదులుగాని, కిరాయిపత్రములుగాని లేనిచో, మొదటివాడు కూడ ఇచ్చుట కష్టము. ఎం.ఐ.జి.లో ఖాళీయింటికి మంచి ధర వచ్చును. ఇచట అమ్ముటకై కిరాయిదారులను ఖాళీచేయించుట తన కొమ్మను తాను నరుకుకొనుటయే. ఆ కార్మికులను వర్షకాలమున వీధిలో నిలబెట్టిన పాపము అదనము.

అమీనుపురము, బీరంగూడలలో చెరువే ప్రశ్న. అమీనుపురము పెద్దచెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వస్థలముగ ప్రకటింపబడినది. అది మనకందరికి గర్వకారణమే. కాని చెరువు నిండినపుడు నీరు నిలుచు మేర, దానిచుట్టు విడువవలసిన మేర అనునవి రెండు కలవు. 2012నాటి భవననిర్మాణ నియమములను బట్టి 10 హెక్టారులకు మించిన చెరువునకు 30 మీటర్లు, అంతకు తక్కువ దానికి 9 మీటర్లు విడువవలయును. 2024 జూలైలో హైడ్రా యను సంస్థ ఏర్పడి, ఆ సంవత్సరమే అమీనుపురము వైపున కట్టడములను కూల్చిన పిదప, కొనువారు చెరువుపేరు వినగనే వెనుకకు పోవుచున్నారు. చెరువునకు దూరమున, సక్రమముగ అనుమతి పొంది కట్టిన మనవారి ఇండ్లకు సహితము ధర తగ్గించి అడుగుచున్నారు. దీనికి మందొక్కటే. కొనువాడడుగకముందే అమ్మువాడే మహానగరాభివృద్ధిసంస్థవారి చెరువుపటమునందు తన సర్వేనంబరెచట నున్నదో చూపు నకలును, కట్టడపు అనుమతిని, అక్రమలేఅవుటు స్థలమైనచో 2020నాటి క్రమబద్ధీకరణ పథకము క్రింద చెల్లించిన రశీదును చేతిలో పెట్టుకొనవలయును. ఆ పథకము 2020 ఆగష్టు 26నాటికి ముందు రిజిస్టరయిన స్థలములకు సంబంధించినది. ఆనాడు 1,000 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టి, తరువాత దాని మాట మరచినవారు మనలో ఎందరో కలరు. ఆ కాగితము వెదకుడు.

తెల్లాపురము, కొల్లూరులను గూర్చి చెప్పవలసినది కొద్దియే. వలయరహదారి ప్రక్కనుండుటచేతను, కోకాపేట వైపు కార్యాలయములకు సమీపమగుటచేతను అచట ఆకాశమంటు భవనములు లేచినవి. మనవారి భూములు అచట ఉన్నవి తక్కువ. ఉన్నవి ఎపుడో అమ్ముడుపోయినవి. కొల్లూరున 2023 జూన్ మాసమున 15,660 రెండుగదుల ప్రభుత్వగృహములు ప్రారంభమైనవి. అందు లభించిన ఇల్లు అమ్ముకొనుటకు ఇచ్చినది కాదు. "మాటమీద వ్రాసి యిచ్చెదము" అను వారిని నమ్మి కొనుటయు, అమ్ముటయు రెండును తప్పే.

బొల్లారము వైపు ఇండ్లుగలవారు ఈ క్రింది మాటలను ఓర్పుతో వినవలెను. పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతపు కాలుష్యమునుగూర్చి 1990నాటి వ్యాజ్యము సుప్రీంకోర్టున నడచినది. 2009లో కేంద్ర కాలుష్యనియంత్రణ మండలి ఈ ప్రాంతమును దేశములోని మిక్కిలి కలుషిత ప్రదేశముల పట్టికయందు చేర్చినది. నక్కవాగు నీటి రంగు మన పెద్దలెరుగుదురు. బావినీరు చెడియున్నదని తెలిసియు, ఇల్లు చూపునాడు ట్యాంకరునీరు తెప్పించి కుళాయిలు విప్పిచూపు యుక్తిని దలాలులు నేర్పుచున్నారు. 1882నాటి ఆస్తిబదిలీ చట్టమును బట్టి, మామూలు జాగ్రత్తతో కొనువాడు కనుగొనలేని, తనకు తెలిసిన ముఖ్యలోపమును అమ్మువాడు చెప్పితీరవలయును. చట్టము మాట యటుంచుడు. ఆ ఇల్లు కొనువాడు మనవలెనే మరొక కర్మాగారపు కూలి. వాని బిడ్డలా నీరు త్రాగుదురు. లోపము చెప్పినచో ధర కొంత తగ్గును, తగ్గనిండు.

సంగారెడ్డి, కంది వైపు ఆశలకు ధర కట్టుచున్నారు. హైదరాబాదు ఐ.ఐ.టి. 2008లో ఎద్దుమైలారమున ఆరంభమై, పిదప కందికి తరలినది. అది కంటికి కనబడునది. దానివలన పెరిగిన ధర నిజమైనది. మియాపురమునుండి పటాన్‌చెరు వరకు 13.4 కిలోమీటర్ల మెట్రోరైలునకు 2024 నవంబరులో రాష్ట్రప్రభుత్వము పరిపాలనానుమతి నిచ్చినది. అనుమతి వేరు, రైలు వేరు. రైలు పేరుచెప్పి అధికధర వచ్చినచో అమ్మువాడు సంతోషముగ తీసికొనవచ్చును. కాని రైలు వచ్చువరకు అమ్మనని, వైద్యమునకు డబ్బులేక తల్లిని బాధపెట్టు కొడుకులును మనలో కలరు.

ఇపుడు కొలతను గూర్చి. చెప్పుటకు సిగ్గగుచున్నది గాని చెప్పక తీరదు. నూలుపోగంత తేడావచ్చిన తలుపు మూయబడదని యెరిగిన కులము మనది. అట్టి మనము ఇంటిస్థలమును కొలువకయే దస్తావేజులో నున్న గజములు నమ్మి అమ్ముచున్నాము. ఎకరమునకు 4,840 గజములు, గుంటకు 121 గజములు. వెనుకటి పట్టేదారులు గుంటలలో నమ్మిరి, లేఅవుటువారు గజములలో విడదీసిరి, వీధి వెడల్పు చేయునపుడు కొంత పోయినది, ప్రక్కవాని గోడ కొంత జరిగినది. దస్తావేజున 200 గజములుండును, నేలపై 188 ఉండును. ఈ సంగతి బయానా తీసికొన్న పిదప బయటపడినచో, పండ్రెండు గజముల ధర మాత్రమే కాక, మొత్తము బేరమునే కొనువాడు మరల తగ్గించును. ముందుగనే లైసెన్సుగల సర్వేయరుచేత కొలిపించి, నాలుగు ప్రక్కల హద్దులు వ్రాయించినచో ఆ యవకాశ ముండదు.

కాగితములలో మొదటిది వారసత్వము. మనవారి ఇండ్లు చాలవరకు జీతములతో కొన్న స్వార్జితములు. తండ్రి వీలునామా వ్రాయక మరణించినయెడల, 1956నాటి హిందూ వారసత్వ చట్టమును బట్టి భార్యకు, ప్రతి కొడుకునకు, ప్రతి కూతురునకు, తండ్రి తల్లి జీవించియున్నచో ఆమెకును సమానభాగము. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లున్నచో 200 గజములలో ఒక్కొక్కరికి 40 గజములు. "ఆడపిల్లలకు పెండ్లినాడే ఇచ్చితిమి గదా" అను మాట మన ఇండ్లలో వినబడుచుండును. పెండ్లినా డిచ్చినది భాగమునకు చెల్లు కాదు. పూర్వార్జితముల విషయమున కూతుళ్ల హక్కును గూర్చి 1986లో మన రాష్ట్రమును, 2005లో కేంద్రమును చట్టములు చేసిన సంగతియు, 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోడనే వచ్చునని స్థిరపరచిన సంగతియు పలువురెరుగుదురు. స్వార్జితమున 1956నుండియే సమానమని మాత్రము ఎరుగరు. చెల్లెలి సంతకము లేకుండ అమ్మబడిన ఇల్లు పదేండ్ల తరువాతనైనను వ్యాజ్యమున చిక్కుకొనును. ఆమె తన భాగమును ఇష్టపూర్వకముగ విడిచినచో రిజిస్టరయిన విడుదల దస్తావేజు ఉండవలయును. విడువనిచో ఆమె సొమ్ము ఆమెకీయవలయును. ఇందు మర్యాద, మన్నన యనునవి అడ్డు రాగూడదు. మా యభిప్రాయము కఠినముగ తోచినచో తోచనిండు.

రెండవది జి.పి.ఏ. ఈ పారిశ్రామికవాడలలో జనరల్ పవరాఫ్ అటార్నీ మీదను, నోటరీ కాగితముమీదను చేతులు మారిన స్థలములు లెక్కలేనన్ని. అట్టి పత్రములవలన యాజమాన్యము మారదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 100 రూపాయలకు మించిన స్థిరాస్తి విక్రయమునకు 1908నాటి చట్టమును బట్టి రిజిస్ట్రేషను తప్పనిసరి. అమెరికాలోని కొడుకు తండ్రికి అధికారమిచ్చుటకు పవరు పంపుట వేరు సంగతి. అది చెల్లును, కాని అచటి భారతీయ కాన్సలు సంతకముతో వచ్చి, ఇచటికి చేరిన మూడు నెలలలోపున స్టాంపు వేయబడవలెను. ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డుభూములు 1977నాటి చట్టమును బట్టి అమ్మరానివి. అట్టి సర్వేనంబరులు రిజిస్ట్రేషను శాఖవారి నిషేధితజాబితాలో నుండును. మీ నంబరు పొరపాటున అందు చేరియుండవచ్చును. బేరమునకు ముందే చూచుకొనుడు, తీసివేయించుటకు నెలలు పట్టును.

ఇచ్చటనే ఒక మాట. రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేయును గాని, హక్కునకు పూచీపడడు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో టోరెన్సు అనునాయన ప్రభుత్వమే హక్కునకు పూచీపడు పద్ధతిని ప్రవేశపెట్టెను. మన దేశమున అది లేదు. కావుననే లింకు దస్తావేజులు, ఇ.సి. యని వాడుకలో నున్న భారధ్రువపత్రము, బ్యాంకు అప్పు తీరినచో తాకట్టు విడుదలపత్రము, ఇంటిపన్ను రశీదులు అన్నియు ఒక సంచిలో నుండవలెను. మనవారు కరసాలముల పెట్టెను తాళమువేసి దాచెదరు. దస్తావేజులను బియ్యపుడబ్బాలో పెట్టెదరు!

ధనము విషయమున మనవారికి పెద్దభయము పన్ను, పెద్దయాశ నగదు. రెండును తారుమారైనవి. 2015 జూన్ మొదలుకొని స్థిరాస్తి విక్రయమునకు 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగ పుచ్చుకొనరాదు; పుచ్చుకొన్నచో అంత మొత్తము జరిమానా. ఆ జరిమానా ఇచ్చినవానికి కాదు, పుచ్చుకొన్నవానికి, అనగా అమ్మువానికి. "సగము నగదుగ నిచ్చెదము, మీకే లాభము" అని కొనువాడన్నపుడు ఈ సంగతి తలచుకొనుడు. 2013నుండి 50 లక్షలు గాని, అంతకు మించి గాని విలువగల ఆస్తికి కొనువాడు నూటి కొక రూపాయి పన్ను మినహాయించి ప్రభుత్వమునకు కట్టును. అది మీ లెక్కలోనే జమయగును, పోవునది కాదు. అమ్మువాడు విదేశవాసియైనచో మినహాయింపు అంతకు ఎన్నో రెట్లు. అమెరికాలోని బిడ్డలకు భాగమున్నచో ముందుగ లెక్కగాండ్రను సంప్రతింపుడు. లాభముపై పన్నుకు, రెండేండ్లకు మించి యున్న ఇంటికి, 2024 జూలై 23 తరువాత జరిగిన విక్రయములకు నూటికి 12.5 అని నిర్ణయించిరి. అంతకుముందు సంపాదించిన ఇంటికి దేశవాసులు ధరలసూచిక ననుసరించి 20 వంతుల లెక్కలో తక్కువ పడినచో దానిని ఎంచుకొనవచ్చునని వెసులుబాటు ఇచ్చిరి. 2001కి ముందు కొన్నదైనచో 2001 ఏప్రిలు 1నాటి విలువను మూలముగ తీసికొనవచ్చును. రెండేండ్లలో మరొక ఇల్లు కొన్నను, మూడేండ్లలో కట్టుకొన్నను ఆ లాభమునకు మినహాయింపు కలదు. ఇంత సదుపాయముండగా, దొంగనగదు పుచ్చుకొని రాత్రులు నిద్రలేక యుండుట యేల?

బయానా పుచ్చుకొనునపుడు గడువు తేదీ వ్రాయించుడు. "మూడు నెలలలో" అని నోటిమాటగ చెప్పి, ధర పెరుగువరకు ఆగి, పిదప కోర్టునకు పోవు కొనుగోలుదారులు కలరు. ఒప్పందమును నెరవేర్పించుమని దావా వేయుటకు మూడేండ్ల గడువున్నది. ఆ మూడేండ్లు ఇల్లు మీదియు కాదు, వారిదియు కాదు. 2021 జూలైలో స్టాంపు, బదిలీసుంకము, రిజిస్ట్రేషను రుసుములన్నియు కలిపి నూటికి 6 నుండి 7.5కు పెంచిరి, ఇది ఎవరు భరింపవలెనో కూడ ఒప్పందమునందు వ్రాయించుట మేలు.

చివరకు మనసభకు సంబంధించిన ప్రశ్న: ఎవరికి అమ్మవలెను? "మనవారి ఇల్లు మనవారికే" అని ఒక తీర్మానము తేవలెనని యువకులు కొందరు కోరుచున్నారు. వారి ప్రేమను మేము శంకింపము. కాని మే మొప్పుకొనజాలము. మనవారికే అమ్మవలెనన్నచో కొనువారు నలుగురైదుగురే యుందురు. వారిలో బంధువు "మనలో మనకు రిజిస్ట్రీ యెందుకు, కొంత ఇపుడు, కొంత తరువాత" అనును. తరువాత యనునది రాదు. కుటుంబములు విడిపోయిన తగవులు మాకు తెలిసినంతవరకు పరులతో జరిగినవి తక్కువ, బంధువులతో జరిగినవే ఎక్కువ. అదిగాక, బి.హెచ్.ఇ.ఎల్. కాలనీలలో మళయాళీలు, తమిళులు, ఒరియావారు, బెంగాలీలు ఒకే వీధిలో నుండి మన పిల్లలతో కలిసి పెరిగిరి. మనకు ఇల్లు అద్దెకిచ్చునపుడు కులమడిగిన యజమానులను చూచి బాధపడినవారమే; ఆ ప్రశ్ననే మన ద్వారబంధముమీద వ్రేలాడగట్టుదుమా?

మేము కోరునది వేరు. అమ్మదలచిన కులబాంధవుడు మొదట సంఘమునకు తెలుపవలెను. కొనదలచిన బాంధవునకు ముందు వార్త అందును, ధర మాత్రము వీధిధర, చెల్లింపు బ్యాంకుద్వారా, దస్తావేజు రిజిస్టరు. ఇది మొదటి అంశము. వకీళ్లు, రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించినవారు, సర్వేయర్లు మనలో కలరు. వారిలో ముగ్గురు నెలకొక ఆదివారము సంఘకార్యాలయమున కూర్చుండి, దస్తావేజుల సంచిని తెచ్చినవారికి రుసుము లేకుండ కాగితములు చూచిపెట్టవలెను. వితంతువులైన తల్లుల ఇండ్లకు ఒక సర్వేయరు పోయి కొలిచిరావలెను. ఆ వ్యయము సంఘనిధినుండి చెల్లింపవలెను. ఇందుకు కావలసిన మొత్తము మహాసభ భోజనముల వ్యయములో ఒక చిన్నభాగమే. సర్వేపని తెలిసిన ఇరువురు సోదరులు ఇప్పటికే సమ్మతించిరి. తీర్మానము ముసాయిదా కార్యదర్శిగారివద్ద నున్నది. మధ్యాహ్నపు సభలో దానిని ప్రవేశపెట్టెదము. సవరణలు చెప్పదలచినవారు భోజనవిరామమునకు ముందే వ్రాసి యీయ ప్రార్థన.